పని ఆపమన్నదెవరు

ఫిబ్రవరి 20

తమ్ముడికి,

ఫోను చేస్తే నీకు సగం వినపడదు, నాకు సగం ఓపిక ఉండదు. ఇద్దరం అరుచుకుని పెట్టేస్తున్నాం. అందుకని ఉత్తరం. ముప్పై రెండేళ్ళు లెక్కలు చెప్పినదాన్ని కనక అంతా వరసగా చెప్తాను.

నీ స్నేహితుడు, అదే, కాలేజీ రోజుల నుంచీ మీరంతా నిచ్చెన అని పిలుచుకునే ఆ కంట్రాక్టరు, జనవరి రెండున మా ఇంట్లో పని మొదలుపెట్టాడు. ఆరో తారీఖు సాయంత్రం పనివాళ్ళని తీసుకుని వెళ్ళాడు. మళ్ళీ రాలేదు. ఇవాళ్టికి నలభై అయిదు రోజులు. ఉన్న ఆ అయిదు రోజులూ చేసిందల్లా కొట్టెయ్యడమే. కింద స్నానాలగది పోయింది. దానికీ ముందుగదికీ మధ్య గోడ పోయింది. వీధివైపు కిటికీ చట్రంతో సహా పీకేసి, అక్కడ నీలం టార్పాలిన్ పట్టా ఒకటి కట్టారు. గాలి వీస్తే అది ఎవరో చెంపలు వాయిస్తున్నట్టు కొట్టుకుంటుంది. తవ్విన గచ్చులో పైపుల మూతులకి గుడ్డలు కుక్కి ఉన్నాయి. సగం ఇల్లు నోరు తెరుచుకుని ఉంది.

మీ బావగారికి పక్షవాతం తగిలి ఏడాది దాటింది. మాట నిదానంగానైనా తిరిగొచ్చింది. కుడి చెయ్యి, కుడి కాలు రాలేదు. మేడ మీద గది, ఆ గదిలో ఆయన గడియారాలు బాగుచేసే బల్ల, అంతే ఆయన లోకం. కింద గది సిద్ధం చేసి, చక్రాల కుర్చీ పట్టేలా స్నానాలగది కడితే ఆయన్ని దించుకోవచ్చనే కదా ఇంత పని పెట్టుకున్నాం! ఇప్పుడు బకెట్లతో నీళ్ళు పద్నాలుగు మెట్లు మోసుకెళ్ళి, ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టి పోస్తున్నాను. నేనేమో తువ్వాలు భుజాన వేసుకుని పక్కింటి దర్జీ ఆవిడ గడప తొక్కుతున్నాను. అరవై మూడేళ్ళ వయసులో రోజూ ఒకళ్ళ స్నానాలగది ఖాళీ అయ్యేదాకా వాళ్ళ వరండాలో నిలబడటం ఎలా ఉంటుందో నీకు తెలియదు.

అతను ఫోను ఎత్తడు. నువ్వు చెప్పావనే అతనికి పని అప్పగించాం. నువ్వే కదిలించు.

నీ అక్క

ఫిబ్రవరి 28

అక్కకి,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. నిచ్చెనతో మాట్లాడాను. వాడు చెప్పింది విన్నాను. అన్నీ కాగితం మీద పెట్టలేను. వాడు మోసగాడు మాత్రం కాదక్కా. నాకు మొదటి ఉద్యోగం ఇప్పించింది వాడే. నీ మరదలు పోయినప్పుడు పదిరోజులు నా ఇంట్లోనే ఉండి, నాకు అన్నం పెట్టి మరీ తన పనికి వెళ్ళేవాడు. అలాంటివాడు ఊరికే మొహం చాటెయ్యడు.

లైసెన్సు బోర్డుకి ఫిర్యాదు చేస్తానని మొన్న ఫోనులో అన్నావు. అక్కడిదాకా వెళ్ళే ముందు బావగారిని ఒక మాట అడుగు. తొంద్రపడకు. బావగారిని అడిగాకే ఏదైనా చెయ్యి.

ఇక్కడ సర్వే ఆఫీసులో నా పని మామూలే. నేను గీసిన పటాలు ఇప్పుడు కంప్యూటరు గీస్తోంది, నేను దాని తప్పులు దిద్దుతున్నాను. ఎవరు ఎవరికి గుమాస్తానో అర్థం కావడం లేదు.

నీ తమ్ముడు

మార్చి 6

తమ్ముడికి,

"బావగారిని అడుగు." ఒకసారి కాదు, రెండుసార్లు రాశావు. ఈ ఇంట్లో పంపు పాడైతే మనిషిని పిలిచింది నేను. ఆసుపత్రి కాగితాల మీద సంతకాలు పెట్టింది నేను. ఈ నీళ్ళు మోస్తున్నదీ నేనే. ఫిర్యాదు రాయడానికి మాత్రం ఆయన అనుమతి కావాలా? మన నాన్న కూడా నాతో ఇలా మాట్లాడలేదు.

మొన్న నాలుగో తారీఖున బోర్డు ఆఫీసుకి వెళ్ళి ఫిర్యాదు ఇచ్చేశాను. కిటికీ వెనక గుమాస్తా అచ్చు ఫారం ఇచ్చాడు. "ఇంటి యజమానులు ఏ దశలోనైనా పని ఆపమని కోరారా?" అని అందులో ఒక ప్రశ్న. "కోరలేదు" అని రాసి సంతకం పెట్టాను. ఆ ప్రశ్న చదువుతుంటే నవ్వొచ్చింది. గోడ పడగొట్టించుకుని పని ఆపమనే పిచ్చివాళ్ళు ఎవరుంటారు?

మీ బావగారికి చెప్పాను. అడగలేదు, చెప్పాను. ఆయన చేతిలో ఉన్న గడియారం కింద పెట్టి, "ఇచ్చేశావా?" అన్నారు. అంతే.

"తొందరపడకు"ని "తొంద్రపడకు" అని రాశావు. చదువుకున్నవాడివి.

నీ అక్క

మార్చి 18

అక్కకి,

నన్ను తిట్టావు, సరే. నేను అన్నది నువ్వనుకున్న అర్థంలో కాదు. ఏ అర్థంలో అన్నానో చెప్పే స్వేచ్ఛ నాకు లేదు.

బోర్డు నుంచి నిచ్చెనకి షోకాజ్ నోటీసు వచ్చింది. మామూలు సంజాయిషీ కాదు, క్రమశిక్షణ విచారణ. లైసెన్సు రద్దు చేసినా చేస్తారట. యాభై అయిదేళ్ళ వయసులో లైసెన్సు పోతే వాడికి ఇంకొకటి రాదు. వాడు ఫోనులో ఏడ్చాడక్కా. ఫిర్యాదు వెనక్కి తీసుకో. నేను సెలవు పెట్టి వస్తాను, ఎవరో ఒక మేస్త్రీని కుదిర్చి దగ్గరుండి గది పూర్తి చేయిస్తాను.

ఈ సంబంధం కుదిర్చింది నేను కాబట్టి నన్నే నిలబెట్టి శిక్షిస్తున్నావని అనిపిస్తోంది. అలాగైతే ఆ మాట నేరుగా అను.

నీ తమ్ముడు

ఏప్రిల్ 24

సర్వే ఆఫీసు నక్షాల విభాగం వారికి,

తమరు క్షేమమని తలుస్తాను. ఈ ఉత్తరం ఎడమ చేత్తో రాస్తున్నాను, అక్షరాలు వంకరగా ఉంటే మన్నించాలి. ఈ నెల పదకొండున బకెట్‌తో మెట్లెక్కుతూ తొమ్మిదో మెట్టు మీద జారాను. కుడి మణికట్టు విరిగింది. దర్జీ ఆవిడ వచ్చి ఆసుపత్రికి తీసుకెళ్ళింది. ఇప్పుడు నీళ్ళు ఆవిడే మోస్తోంది. ఆవిడ నాకేమీ చుట్టం కాదు.

మొన్న ఇరవైరెండున మొదటి విచారణకి వెళ్ళాను. పొడుగాటి గది, మూడు కుర్చీలు, మూడు మైకులు, ఒక్క మైకూ పనిచెయ్యదు. అధ్యక్షుడు ఒకాయన, పక్కన ఒక ఇంజనీరు, ఒక పెద్దావిడ. కంట్రాక్టరు బల్లకి అటువైపు తలొంచుకుని కూర్చున్నాడు. పని ఎందుకు ఆపావని అడిగితే నీళ్ళు నమిలాడు. అప్పుడు అతని తరఫు మనిషి లేచి, "ఈయన నడవడి గురించి ఒక పత్రం ఉందండీ" అని చదివాడు.

"ఈయన నాకు ముప్పై అయిదేళ్ళుగా తెలుసు. మాట తప్పే మనిషి కాదు. మా సొంత అక్క ఇంటి పని నమ్మి ఈయన చేతుల్లో పెట్టాను."

కింద తమరి సంతకం. పైన తారీఖు ఏప్రిల్ 15. అంటే నా చెయ్యి విరిగిన నాలుగు రోజులకి.

అధ్యక్షుడు నావైపు తిరిగి, "ఈ అక్కగారు మీరేనా?" అని అడిగాడు. అవునన్నాను. అంతకంటే ఇంకేమనాలో ఏ పాఠంలోనూ చదువుకోలేదు.

మళ్ళీ విచారణ జూన్ మూడున. తమరు ఇంకో పత్రం రాసేదుంటే ముందుగా రాసుకోవచ్చు.

ఇట్లు,
ఫిర్యాదుదారు

మే 2

అక్కా,

అలా పిలవొద్దు నన్ను. చెంప మీద కొట్టు, పడతాను.

ఆ పత్రం జనవరి మొదటి వారంలో రాసింది. లైసెన్సు పునరుద్ధరణ కోసం ఎవరిదైనా సిఫార్సు కావాలని నిచ్చెన అడిగితే రాసిచ్చాను. అప్పటికి మీ ఇంట్లో పని నడుస్తోందనే నాకు తెలుసు. తారీఖు వెయ్యడం మర్చిపోయాను. ఖాళీగా ఉన్నచోట ఎవరో ఏప్రిల్ వేసుకున్నారు. నీ చెయ్యి సంగతి నీ ఉత్తరం చూసేదాకా తెలియదు. ఆ సాయంత్రం అన్నం సహించలేదు.

ఇంక దాచలేను. రెండు నెలలుగా లోపలే పెట్టుకున్నాను. పని ఆపమన్నది బావగారు.

జనవరి ఆరున నిచ్చెనని మేడ మీదికి పిలిచి, పదిహేను రోజులు ఆపమన్నారట. మా ఆవిడకి చెప్పకు అన్నారట. వాడు మాటిచ్చాడు. నేను ఫోను చేసినప్పుడు చెప్పి, నా చేత ఒట్టు వేయించుకున్నాడు. బావగారిని అడుగు, అడుగు అని అందుకే రాశాను. నువ్వు ఇంకోలా తీసుకున్నావు. నేనూ తెలివిగా రాయలేకపోయాను.

పదిహేను రోజులయ్యాక వాడెందుకు రాలేదో నాకూ సరిగ్గా తెలియదు. అడిగితే అదిగో ఇదిగో అంటాడు. అక్కడ తప్పు వాడిదే.

తమ్ముడు

మే 15

తమ్ముడికి,

నీ ఉత్తరం వచ్చేసరికి మీ బావగారికి గడ్డం గీస్తున్నాను. ఆయన కుడి చెయ్యి పనిచెయ్యదు, నా కుడిచేతికి కట్టు. మా ఇద్దరికీ కలిపి రెండు ఎడమ చేతులే మిగిలాయి. సగం గడ్డం అయ్యాక ఆపి చదివాను.

"మీరు నిచ్చెనని పని ఆపమన్నారా?" అన్నాను.

ఆయన అద్దంలో చూసుకుంటూ, "సగమే గీశావు" అన్నారు.

"అడిగినదానికి చెప్పండి."

"ఆపమన్నాను."

కత్తి కింద పెట్టాను. ఆయనే నిదానంగా, ఒక్కో మాటా వెతుక్కుంటూ చెప్పారు. "కింద సమ్మెట దెబ్బలు వినపడుతుంటే, నన్ను దించడానికి గొయ్యి తవ్వుతున్నట్టు అనిపించింది. ఒకసారి దిగితే మళ్ళీ పైకి రానని తెలుసు. పదిహేను రోజులు టైము దొరికితే మెట్లు దిగడం, ఎక్కడం నేర్చుకుందామనుకున్నా. నడిచి చూపిస్తే గది అక్కర్లేదంటావని."

"నేర్చుకున్నారా?"

"నువ్వు బజారుకెళ్ళినప్పుడు మూడు మెట్లు దిగాను. ఇంక కిందికీ పోలేను, పైకీ రాలేను. గంటసేపు అక్కడే కూర్చున్నా. గేటు చప్పుడయ్యేసరికి పాక్కుంటూ గదిలోకి వచ్చిపడ్డా. చొక్కా నలిగిందేమని అడిగావు. నిద్రపోయానన్నాను."

"నా చెయ్యి విరిగినప్పుడైనా చెప్పాల్సింది."

"అప్పుడైతే అసలు చెప్పలేకపోయాను."

కిందికి వెళ్ళి ఆ పగిలిన గదిలో, టైల్స్ పెట్టెల మీద కూర్చున్నాను. కోపం వస్తుందని చాలాసేపు చూశాను. రాలేదు. ఒళ్ళంతా అలసటే. కాసేపటికి, పాపం సగం గడ్డంతో ఉన్నారు కదా అని గుర్తొచ్చి, పైకెళ్ళి మిగతాది గీశాను.

ఇప్పుడు నా బెంగ వేరు. "పని ఆపమని కోరలేదు" అని సంతకం పెట్టింది నేను. అది అబద్ధమని ఇప్పుడు తెలిసింది. మూడో తారీఖున ఆ సంగతి చెప్తే ఫిర్యాదు కొట్టేస్తారేమో, గది ఇలాగే ఉండిపోతుందేమో. చెప్పకపోతే అతని లైసెన్సు పోతుంది. పిల్లలకి పరీక్షలో ఒక్క అంకె దిద్దుకున్నా మార్కు తీసేసిన దాన్ని నేను.

నిన్ను అన్న మాటలు వెనక్కి తీసుకోను, ఎందుకంటే ఉత్తరంలో రాసినవి తీసుకోవడానికి వీలుండదు. కానీ వాటిని చదవకు.

నీ అక్క

మే 22

అక్కకి,

చెప్పకు. నీకు పది పైసల లాభం లేదు. నీ చెయ్యి విరిగింది, నీ నడుం పోయింది. ఇంకా ఎవరి లైసెన్సు కాపాడతావు? నిచ్చెన నోరు తెరిచి చెప్పుకోవచ్చు కదా, వాడికి లేని బాధ నీకెందుకు?

వాడి తరఫున నిన్ను బతిమాలిన నేనే ఇలా అంటున్నానని నవ్వుకుంటావు. నవ్వుకో. ఇన్నాళ్ళూ వాడివైపు చూశాను, ఇప్పుడు ఇటు చూస్తున్నాను.

నిన్న బోర్డుకి నేనూ ఒక ఉత్తరం పంపాను. ఆ పత్రం లైసెన్సు పునరుద్ధరణ కోసం జనవరిలో రాసిందని, తారీఖు నేను వేసింది కాదని, విచారణలో చూపడానికి నన్ను ఎవరూ అడగలేదని రాశాను. తారీఖు వేశాను. రెండుసార్లు చూసుకున్నాను.

నీ తమ్ముడు

జూన్ 6

తమ్ముడికి,

చెప్పేశాను.

మొదట నీ ఉత్తరం చదివారు. నిచ్చెన తల పైకెత్తి చూసి, మళ్ళీ దించుకున్నాడు. తర్వాత నేను లేచి, ఫారంలో నేను రాసిన ఆ జవాబు తప్పని, రాసినప్పుడు నాకు తెలియదని, మావారు పదిహేను రోజులు ఆపమన్నారని చెప్పాను. అధ్యక్షుడు కళ్ళజోడు తీశాడు. "ఇది చెప్తే మీ ఫిర్యాదు బలహీనపడుతుందమ్మా, తెలుసు కదా?"

"తెలుసండీ. మొత్తం నూట నలభై ఎనిమిది రోజులు. అందులో పదిహేను తీసెయ్యండి. మిగతా నూట ముప్పై మూడు ఉంచండి" అన్నాను.

ఇంజనీరు నిచ్చెనని అడిగాడు. "ఈ సంగతి మీ జవాబులో ఎందుకు రాయలేదు?"

"ఆయనకి మాటిచ్చానండీ."

"మరి పదహారో రోజు ఎందుకు వెళ్ళలేదు?"

 "ఖాళీగా ఉండటం ఎందుకని వేరేచోట ఒక ఇంటి కప్పు పని ఒప్పుకున్నానండీ. అది సాగింది. పనివాళ్ళు ఇద్దరు వెళ్ళిపోయారు. నెల దాటాక ఇంక ఏ మొహం పెట్టుకుని వెళ్ళను?" అన్నాడు.

అప్పటిదాకా నోరు విప్పని ఆ పెద్దావిడ, "ఫోను ఎత్తడానికి మొహం అక్కర్లేదు కదయ్యా" అంది.

తారీఖు సంగతి అడిగితే, అది తన తరఫు మనిషి వేశాడని, తను చూసి కూడా ఊరుకున్నానని ఒప్పుకున్నాడు. తీర్పు అక్కడే చెప్పారు. రద్దు చెయ్యాలన్న ప్రతిపాదన మానేశారు. ఆరు నెలలు లైసెన్సు నిలిపేశారు. తప్పుడు తారీఖు పత్రం పెట్టినందుకు మందలింపు వేరే. అతను బోర్డు దగ్గర ఉంచిన డిపాజిట్టుతో మిగతా పని ఇంకో కంట్రాక్టరు చేత పూర్తి చేయిస్తారట.

బయట వరండాలో నా కోసం నిలబడి ఉన్నాడు. మనిషి సగమయ్యాడు. ఆ పొడుగంతా ఇప్పుడు వంగిపోయింది.

"అక్కా, మీరు చెప్తారనుకోలేదు" అన్నాడు.

"నీ కోసం చెప్పలేదు" అన్నాను.

"బావగారు ఎలా ఉన్నారు?"

"ఇంటికొచ్చి చూడాల్సింది."

ఇంకేదో అనబోయాడు. నా బస్సు వచ్చింది. గెలిచానో ఓడానో తేల్చుకునే ఓపిక లేదు. బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది, అది మాత్రం సంతోషంగా అనిపించింది.

నీ అక్క

జూన్ 20

అక్కకి,

నిచ్చెన ఆదివారం వచ్చాడు. లోపలికి రమ్మన్నా రాలేదు. గుమ్మంలో నిలబడి, "మీ అక్క నా మీద ఫిర్యాదు పెట్టింది, న్యాయమే. నువ్వెందుకు రాశావు?" అన్నాడు. "నా సంతకం ఉన్న పత్రం మీద వేరే తారీఖు వేస్తే నువ్వు చూసి ఎందుకూరుకున్నావు?" అన్నాను.  వాడు మెట్లు దిగి వెళ్ళిపోయాడు. ఇన్నేళ్ళలో వాడు నా ఇంట్లో మంచినీళ్ళైనా తాగకుండా వెళ్ళడం అదే మొదలు.

నేను రాసింది తప్పనుకోవడం లేదు. కానీ ఆదివారాలు ఎలా గడపాలో తెలియడం లేదు.

గది పూర్తవగానే చెప్పు. బావగారిని దించడానికి నేనే వస్తాను. ఇంకెవరినీ ముట్టుకోనివ్వకు.

నీ తమ్ముడు

సెప్టెంబరు 4

తమ్ముడికి,

నువ్వు వెళ్ళి వారమైంది. చేరినట్టు ఉత్తరం రాయలేదు, అలవాటే.

నువ్వూ మేస్త్రీ కుర్చీతో సహా ఎత్తి దించుతుంటే మీ బావగారు కళ్ళు మూసుకున్నారు, చూశావా? నువ్వున్న రెండు రోజులూ నీ ముందు నవ్వుతూ ఉన్నారు. నువ్వు బస్సెక్కాక గోడవైపు తిరిగి పడుకున్నారు. బల్ల కిటికీ దగ్గర వేశావు కదా, వెలుతురు తప్పు వైపు నుంచి పడుతోందన్నారు. వీధిలో పోయేవాళ్ళంతా తొంగిచూస్తున్నారన్నారు. టైల్స్ రంగు ఆసుపత్రిలా ఉందన్నారు. ఆ రంగు ఆయన ఎంచుకున్నదే.  మేడ మీద గదికి తాళం వెయ్యలేదు. అది చూసుకున్నారో లేదో తెలియదు.

నాలుగో రోజు దర్జీ ఆవిడ తన చేతి గడియారం ఆగిపోయిందని తెచ్చింది. నాకు తెలిసి ఆవిడ గడియారం బాగానే నడుస్తోంది. ఆయన ఎడం చేత్తో దాన్ని తిప్పితిప్పి చూసి, "కీ ఇవ్వకపోతే ఆగదా?" అని విసుక్కున్నారు. ఆ విసుగు విని ఏడాదిన్నరైంది. ఆవిడ అటు వెళ్ళగానే భూతద్దం అడిగారు.

నిచ్చెన ఒక కార్డు రాశాడు, ఆయన పేరు మీద. ఆయన చదివి జేబులో పెట్టుకున్నారు, నాకు చూపించలేదు. నేనూ అడగలేదు. వాళ్ళిద్దరి మధ్యా ఇంకా ఏం మాటలున్నాయో ఉండనీ. నువ్వు మాత్రం ఒక ఆదివారం అతని ఇంటికి వెళ్ళు. నేను చెప్పానని కాదు.

నా చెయ్యి బాగుంది, వానొస్తే లాగుతోంది. నడుం గురించి రాయను.

నిన్న మధ్యాహ్నం కొత్త గదిలో స్నానం చేశాను. దాదాపు ఎనిమిది నెలలైంది, మన ఇంట్లో మనం గడియ పెట్టుకుని. బయట ఎవరూ తమ వంతు కోసం నిలబడలేదు. మోయాల్సిన బకెట్ లేదు. ఆయన కోసం వేయించిన ఆ పట్టుకునే కమ్మీని పట్టుకుని, పీట మీద కూర్చుని, ఊరికే నీళ్ళు పోసుకుంటూ ఉండిపోయాను. ఎంతసేపో తెలియదు. తలుపవతల చక్రాల కుర్చీ కిర్రుమంటూ వచ్చి ఆగింది.

"ఉన్నావా?" అన్నారు.

"లేను" అన్నాను.

 "సరే, నిదానంగా రా" అని కుర్చీ తిప్పుకుని వెళ్ళిపోయారు.

నీ అక్క